పొట్లం వేరు, గిన్నె వేరు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు. ఆరేళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాం. పన్నెండు రోజుల క్రితం సిజేరియన్ అయి బాబు పుట్టాడు. తొమ్మిదో నెలలో బీపీ పెరిగింది, ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను. రక్తం గడ్డ కట్టకుండా పొట్ట మీద వేసుకోమని రెండు వారాలకు ఇంజెక్షన్లు రాశారు. అవి ఇంకా రెండు ఉన్నాయి. మా ఎదురింటి చైనీస్ ఆంటీ నన్ను కూతురిలా చూసుకుంటారు. రోజూ ఎర్ర పండ్ల టీ, అల్లం వేసిన కోడి చారు పంపిస్తున్నారు. నిన్న మందుల షాపు నుంచి ‘షెంగ్ హువా తాంగ్’ అనే కషాయం పొట్లాలు ఏడు తెచ్చి, వారం పాటు రోజుకొకటి కాచుకుని తాగితే గర్భసంచి శుభ్రపడుతుందన్నారు. తల తడపవద్దు, చన్నీళ్ళు ముట్టవద్దు, నెల రోజులు గడప దాటవద్దు అంటున్నారు. మా అమ్మ కూడా సరిగ్గా అవే మాటలు అంటోంది! కానీ ఆ పొట్లాలు చూసి భయపడుతోంది. తాగవచ్చా? బాబుకు పాల ద్వారా ఏమైనా అవుతుందా? ఆంటీ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? (పేరు రాయవద్దన్నారు)

సమాధానం: ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. ఆ ఏడు పొట్లాలను అలాగే అలమరలో పెట్టేయండి. ఇప్పుడు మీరు తాగకూడదు. ఆంటీ పంపే చారు హాయిగా తాగండి, ఒక్క ప్రశ్న అడిగిన తరువాత. ఆ ప్రశ్న ఏమిటో కింద చెబుతాను. టీ కూడా తాగండి, నీళ్ళకు బదులుగా మాత్రం కాదు.

చైనా భాషలో చారుకూ కషాయానికీ ఒకటే మాట: తాంగ్. కోడి చారూ తాంగే, మందు కషాయమూ తాంగే. రెండూ ఒకే కుండలో కాగుతాయి, ఒకే గిన్నెలో వస్తాయి, ఒకే ప్రేమతో వస్తాయి. మీ గందరగోళం అక్కడే మొదలైంది. గిన్నెలో వచ్చేది ఆహారం, పొట్లంలో వచ్చేది మందు. మందుకు మోతాదు, వేళ, వేసుకోకూడని మనుషులు, పడని మందులు అన్నీ ఉంటాయి. మొక్క నుంచి వచ్చింది కదా అని అవి లేకుండా పోవు.

ఇంతకీ ఆ పొట్లంలో ఏముంది? విప్పి చూస్తే ఐదు వస్తువులు కనిపించాలి. మొదటిది దాంగ్ గుయ్ అనే వేరు, వాము కుటుంబానికి చెందిన మొక్కది, ఘాటైన తీపి వాసన. రెండోది చువాన్ షియోంగ్, అదే కుటుంబంలోని ఇంకో మొక్క దుంప. మూడోది పీచ్ పండు గింజల్లోని పప్పు. నాలుగోది నల్లబడేదాకా వేయించిన శొంఠి. ఐదోది తేనెలో వేయించిన అతిమధురం. చూశారా, ఐదింటిలో రెండు మీ అమ్మగారు గుంటూరు నుంచి మోసుకొచ్చిన డబ్బాలో కూడా ఉండి ఉంటాయి. భయపడుతున్న ఆవిడకు ఈ సంగతి చెప్పండి, సగం భయం పోతుంది. మిగిలిన సగం భయం ఉండవలసిందే.

ఈ కషాయం 17వ శతాబ్దంలో షాన్షీ ప్రాంతంలో జీవించిన ఫు చింగ్‌జు అనే పండితుడి పేరు మీద ప్రసిద్ధికెక్కింది. ఆయన చిత్రకారుడు, కవి, వైద్యుడు. షెంగ్ అంటే పుట్టించడం, హువా అంటే మార్చడం, కరిగించడం. కొత్త రక్తం పుట్టాలి, లోపల నిలిచిపోయిన పాత రక్తం కరిగి బయటకు పోవాలి అని పేరులోనే ఉంది. ‘చెడు రక్తమంతా పోతే గానీ ఒళ్ళు తేలిక పడదు’ అని మన ముసలమ్మలు అనే మాటే ఇది. పాత పాఠంలో పీచ్ పప్పులు సరిగ్గా 14 వేయమని లెక్క ఉంది. కాచడానికి నీళ్ళు కాదు, సగం బియ్యపు సారా, సగం చిన్న పిల్లవాడి మూత్రం వాడమని కూడా ఉంది. ఈ రెండో సగాన్ని నేటి చైనీస్ అమ్మమ్మలు నిశ్శబ్దంగా మరచిపోయారు. సంప్రదాయం అంటే రాసి ఉన్నదంతా చేయడం కాదని వాళ్ళకు మనం చెప్పనక్కరలేదు. మీ ఆంటీకి కూడా ఒక రెండు వస్తువులు తీసేయడం కొత్త కాదు.

ఈ కషాయం పని చేస్తుందా? చైనాలో, తైవాన్‌లో దీని మీద పరీక్షలు జరిగాయి. గర్భసంచి త్వరగా ముడుచుకుంటుందని, మైల, అంటే కాన్పు తరువాత పోయే రక్తం, తగ్గే రోజులు తక్కువవుతాయని కొన్ని చెబుతాయి. వాటిలో చాలావరకు చిన్నవి, జాగ్రత్తగా జరగనివి. వాటిని నమ్మి నేను ఎవరికీ ఈ కషాయం రాయను. గర్భసంచి సంగతికి వస్తే, మీరు బాబుకు పాలిచ్చిన ప్రతిసారీ అది తనంతట తాను ముడుచుకుంటోంది. మొదటి రోజుల్లో పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి వచ్చి ఉంటుంది, గుర్తుందా? మీ ఒంట్లోనే తయారైన మందు పని చేస్తున్నప్పుడు వచ్చే నొప్పి అది. ఆరు వారాలలోపు గర్భసంచి దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది, కషాయం తాగినా తాగకపోయినా.

ఇక మీరు ఎందుకు తాగకూడదో వినండి. మీ ఒంటికి ఇప్పుడు రక్తం గడ్డ కట్టకుండా ఇంజెక్షన్ పడుతోంది. దాంగ్ గుయ్, చువాన్ షియోంగ్, పీచ్ పప్పు, ఈ మూడింటినీ చైనా వైద్యం ‘రక్తాన్ని కదిలించేవి’ అంటుంది. దాంగ్ గుయ్ రక్తాన్ని పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచుతుందని ఆధునిక వైద్యానికీ తెలుసు. ఒకవైపు ఇంజెక్షన్, ఇంకోవైపు కషాయం, మధ్యలో నొప్పికి మీరు వేసుకునే మాత్ర కూడా ఆ జాతిదే అయితే మూడోది. కడుపు మీద పన్నెండు రోజుల కుట్టు ఉన్న మనిషి ఈ మూడింటినీ కలపకూడదు. రెండు రోజుల్లో ఇంజెక్షన్లు అయిపోతాయి కదా, ఆ తరువాత తాగవచ్చా అని మీరు అడుగుతారు. అప్పుడు రెండో అడ్డంకి ఉంది, అతిమధురం. అది ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి, పొటాషియాన్ని బయటకు పంపి, బీపీని పెంచగలదు. ఒక పొట్లంలో ఉండేది కొంచెమే, నిజమే. కానీ మీరు బీపీ మాత్రల మీద ఉన్నారు, మీ అమ్మగారు దగ్గుకో గొంతుకో విడిగా అతిమధురం కషాయం ఇస్తున్నారేమో నాకు తెలియదు. వారం రోజులు రెండు ఇళ్ళ నుంచీ కలిపి వస్తే అది కొంచెం కాదు.

మూడో కారణం చైనా వైద్యులే చెబుతారు. ఈ కషాయం కాన్పైన తొలి రోజులకు ఉద్దేశించినది. ఒళ్ళు చల్లగా, కడుపులో నొప్పిగా, మైల సరిగా పోకుండా ఉన్న మనిషికి కొద్ది రోజులు ఇచ్చి ఆపేస్తారు. జ్వరం ఉన్నా, మైల దుర్వాసన వస్తున్నా, ఎర్రటి రక్తం ఎక్కువగా పోతున్నా ఇవ్వరు. తైవాన్‌లో అయితే ఆసుపత్రి వాళ్ళు గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే మాత్రలు అయ్యేదాకా ఆగమని చెప్పడం మామూలే. పద్ధతిగా నేర్చుకున్న చైనా వైద్యుడు నాడి చూసి, నాలుక చూసి, పది ప్రశ్నలు అడిగి గానీ పొట్లం కట్టడు. షాపులో బేరానికి దొరికే ఏడు పొట్లాల కట్టకు ఎవరి నాలుకా తెలియదు. సింగపూర్‌లో చైనా వైద్యులు 2000 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకోవాలి. మందుల షాపులో కౌంటరు వెనుక ఉన్న ప్రతి మనిషీ అలా నమోదైన వైద్యుడు కాడు. మీకు నిజంగా ఆ వైద్యం మీద గురి ఉంటే, ఆరో వారం చెకప్ అయ్యాక, బీపీ కుదుటపడ్డాక, నమోదైన వైద్యుడి దగ్గరకు మీ మాత్రల చీటీ పట్టుకుని వెళ్ళండి. నాకేమీ అభ్యంతరం లేదు.

ఒక పాత సంగతి. నేను పని చేసిన ఒక ఆసుపత్రికి కాన్పైన ఎనిమిదో రోజున ఒకామె మళ్ళీ రక్తస్రావంతో వచ్చింది. ఏమైనా వేరే మందు వాడారా అని నాలుగుసార్లు అడిగాం. లేదు, లేదు అన్నారు. సాయంత్రానికి వాళ్ళ అత్తగారు సంచిలోంచి లేహ్యం సీసా ఒకటి బయటకు తీశారు. ‘ఇది మందు కాదమ్మా, బాలింత లేహ్యమే’ అన్నారు. అందులో ఏమేం ఉన్నాయో ఆవిడకూ తెలియదు. ఆ లేహ్యం వల్లే రక్తం పోయిందని నేను ఈనాటికీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. నాకు గుర్తుండిపోయింది ఆ ‘మందు కాదమ్మా’ అన్న మాట. మీరు నాకు ఉత్తరం రాశారు, బాగుంది. మీ డాక్టరుకు కూడా చెప్పారా? లేకపోతే రేపే ఆ పొట్లం మీది అట్టను ఫోటో తీసి చూపించండి. సింగపూర్ డాక్టర్లకు ఇది రోజూ వినే మాటే, ఎవరూ కోప్పడరు.

ఇప్పుడు తల తడపవద్దన్న సంగతి. ఎక్కడి గుంటూరు, ఎక్కడి చైనా, ఇద్దరూ ఒకే మాట అంటున్నారంటే నిజమే అయి ఉండాలి కదా అని మీకు అనిపించి ఉంటుంది. నాకూ ఇది ఇష్టమైన విషయం. వాళ్ళు కాన్పైన ఒంట్లోకి ‘ఫెంగ్’ చొరబడుతుందంటారు. ఫెంగ్ అంటే గాలి. మనం వాతం కమ్ముతుందంటాం. వాతం అన్నా గాలే. కాన్పులో రక్తం, వేడి పోయి, కీళ్ళు వదులై, ఒళ్ళంతా తెరుచుకుని ఉంటుందని వాళ్ళ ఊహ. మనది ‘పచ్చి బాలింత’ అన్న మాటలోనే ఉంది. అందుకే రెండుచోట్లా శొంఠి, నువ్వుల నూనె, చెవులకు గుడ్డ, మూసిన కిటికీ. ఆసుపత్రులూ సూక్ష్మజీవుల మందులూ లేని కాలంలో బాలింత జ్వరంతో ఎందరో తల్లులు పోయేవారు. ఎందుకు పోతున్నారో తెలియని మనుషులు చేతిలో ఉన్నదానితో కాపలా కాశారు. కనిపించని శత్రువుకు ఇద్దరూ గాలి అనే పేరు పెట్టారు. ఇద్దరి భయమూ నిజం. శత్రువు గాలి కాదు, అంతే.

ఇద్దరి మధ్య తేడా ఒకటి చూడండి, సరదాగా ఉంటుంది. పాత కాలపు చైనా అత్తగారు నెల రోజులు స్నానమే వద్దంటుంది. మన అత్తగారు వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు వీపు ఎర్రబడేలా పోయిస్తుంది. ఇద్దరూ చెప్పేది వాతాన్ని ఆపడానికే! స్నానం చేయనివ్వని దేశంలోనూ, ఒళ్ళు కాలేలా చేయించిన దేశంలోనూ మనుమరాళ్ళు నిక్షేపంగా పెరిగి పెద్దవాళ్ళయ్యారు. నేటి సింగపూర్ చైనీస్ ఇళ్ళలో కూడా అల్లం తొక్కలో, మూలికలో వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయిస్తున్నారు. మీరు గోరువెచ్చని నీళ్ళతో రోజూ స్నానం చేయండి. కుట్టు మీద మరిగే నీళ్ళు పోయవద్దు, రుద్దవద్దు, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. తలస్నానం కావాలనిపించినప్పుడు చేసి వెంటనే ఆరబెట్టుకోండి. నలభయ్యో ఏట మోకాళ్ళ నొప్పి వస్తే దానికి కారణం ఈ తలస్నానం అని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి.

ఏసీ, ఫ్యాను వేసుకోవచ్చు. వేసుకోవాలి కూడా. ముప్ఫై డిగ్రీలు దాటే ఊళ్ళో కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని కూర్చోవడం వైద్యం కాదు. చైనాలో వేసవిలో ఇలా ఉక్కపోతలో ఉంచడం వల్ల వడదెబ్బ తగిలి బాలింతలు చనిపోయిన ఘటనలు అక్కడి పత్రికల్లో వచ్చాయి. పసివాళ్ళకు కూడా అంతే, గుడ్డల మూటలో ఒళ్ళు వేడెక్కితే ప్రమాదం. ఏసీ గాలి నేరుగా మంచం మీద పడకుండా తిప్పుకుంటే చాలు. ఇంకా ఒక మాట మీ అమ్మగారికి: మూసిన ఫ్లాటులో బొగ్గుల మీద సాంబ్రాణి పొగ వేయవద్దు. పొగ అలారం మోగి పది అంతస్తులవాళ్ళు మెట్లు దిగడం ఒక సంగతి, పసివాడి ఊపిరితిత్తులు ఇంకో సంగతి.

గిన్నె దగ్గరకు వద్దాం. ఆంటీ పంపే ఎర్ర పండ్లను అక్కడ రెడ్ డేట్స్ అంటారు గానీ ఖర్జూరంతో వాటికి చుట్టరికం లేదు. అవి మన రేగు జాతి పండ్లు, ఎండబెట్టినవి. వాటితో ఎండు లాంగన్, గోజీ పండ్లు వేసి కాస్తారు. తియ్యగా, వెచ్చగా, మంచి పానీయం. ‘రక్తం పడుతుంది’ అని ఆంటీ అనే ఉంటారు. ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుందని మనం బీట్‌రూట్ గురించి అనుకోవడం లేదూ, అదే. ఇనుము వాటిలో పెద్దగా లేదు. సిజేరియన్‌లో పోయిన రక్తానికి మీ ఐరన్ మాత్రే దిక్కు, అది మానవద్దు. గోజీ పండ్లు కూడా రక్తాన్ని పలచబరిచే కొన్ని మాత్రలతో పడవు. మీ ఇంజెక్షన్ ఆ రకం కాదు, అయినా చారెడు పోయకుండా నాలుగు గింజలతో సరిపెట్టమనండి. అసలు చిక్కు ఇది: నెల రోజులు మామూలు నీళ్ళు తాగకూడదు, ఈ టీయే తాగాలి అంటారు చాలామంది. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని మన ఇళ్ళలోనూ అంటారు. మీరు పాలిచ్చే తల్లి. ఒంట్లో నీరు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం. గోరువెచ్చని నీళ్ళు ఫ్లాస్కులో పోసి పక్కన పెట్టుకోండి, పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు. రోజంతా తియ్యటి టీ తాగితే ఒంట్లో చేరేది చక్కెర.

కోడి చారు గురించి అడగవలసిన ఒకే ప్రశ్న అన్నాను. ‘ఇందులో సారా పోశారా?’ అనేదే ఆ ప్రశ్న. నువ్వుల నూనెలో అల్లం వేయించి, కోడి ముక్కలు వేసి, బియ్యపు సారా పోసి ఉడికించడం తైవాన్ వాళ్ళ బాలింత వంట. మలేషియా, సింగపూర్‌లలోని హక్కా కుటుంబాలు ఇంట్లోనే పులియబెట్టిన సారాతో చేస్తారు. కొందరు నీళ్ళు అసలు పోయరు, అంతా సారాయే. మరిగితే అంతా ఎగిరిపోతుందనేది నిజం కాదు, వండే తీరును బట్టి కొంత మిగులుతుంది. రక్తంలో ఎంత ఉంటే పాలలోనూ అంతే ఉంటుంది, గంటలోపే పాలలోకి వస్తుంది. పాలు బాగా పడతాయని తాగిస్తారు గానీ సారా పాలు దిగడాన్ని అడ్డుకుంటుంది. ‘ఆంటీ, నాకు సారా పడదు, మాత్రలు వేసుకుంటున్నాను, అది లేకుండా చేసిపెట్టండి’ అని అడగండి. అల్లం, నువ్వుల నూనె, కోడి ఉంటే రుచికి లోటేమీ ఉండదు.

కాంటన్ వాళ్ళ వంట ఇంకొకటి రావచ్చు. నల్లని తియ్యటి వెనిగర్‌లో చేతి వెడల్పు అల్లం ముక్కలు, పంది కాళ్ళు, గుడ్లు గంటల తరబడి ఉడికిస్తారు. మీరు పంది మాంసం తినకపోతే గుడ్లు, అల్లం మాత్రం తీసి పెట్టమనండి, అలా తినేవాళ్ళు కూడా ఉన్నారు. బొప్పాయి వేసిన చేపల చారు పాలు పడటానికని చేస్తారు. మీ అమ్మగారు బొప్పాయి పేరు వినగానే అడ్డం పడతారు, తెలుసు. కడుపుతో ఉన్నప్పటి భయం అది, ఇప్పుడు బాబు బయట ఉన్నాడు కదా, తినవచ్చు. వీటన్నింటిలో నాకు కనిపించే లోపం ఉప్పు. సోయా సాస్ అన్నా మన ఆవకాయ అన్నా బీపీకి ఒకటే.

పాల చారుల విషయంలో ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పాలు తక్కువైతే ‘తోంగ్ త్సావ్’ అనే తెల్లటి బెండు ముక్కలు వేసి చారు కాస్తారు. దానికి ముతోంగ్ అనే ఇంకొక మందుతో పేరులో, వాడుకలో పోలిక ఉంది. ముతోంగ్ పేరుతో అమ్మిన ఒక తీగ మూత్రపిండాలను శాశ్వతంగా పాడు చేసే ఆమ్లం ఉన్న జాతిది. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందుల్లో ఇదే ఆమ్లం ఉన్న మూలిక పొరపాటున చేరి, ఎందరో మహిళల మూత్రపిండాలు పోయాక ప్రపంచం మేలుకుంది. చైనా 2003లో ఆ తీగను తన మందుల జాబితా నుంచి తీసేసింది. పేరు తెలియని బెండో తీగో వేసిన చారు వద్దు. పాలు చాలడం లేదనిపిస్తే చారు కన్నా ముందు బాబు పట్టుకునే తీరు నర్సుకు చూపించండి. చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

బాబు సంగతి. ఆ కషాయం పాలలోకి ఎంత వస్తుందో సరైన కొలతలు లేవు, నేను వద్దనడానికి అది కూడా ఒక కారణం. కానీ పసివాళ్ళకు ఎక్కువ ముప్పు తల్లి తాగేదాని వల్ల కాదు, నేరుగా నోట్లో పోసేదాని వల్ల. చైనీస్ ఇళ్ళలో ‘పుట్టుకతో వచ్చిన వేడి’ పోవడానికని హువాంగ్ లియెన్ అనే చేదు వేరు కాచి పసివాళ్ళకు పట్టే అలవాటు ఉండేది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టిన పిల్లల్లో ఎర్ర కణాలు తేలికగా పగిలిపోతాయి, కామెర్లు ముదిరి మెదడుకు ఎక్కవచ్చు. ఆ కామెర్లకు ఈ వేరు తోడవుతోందన్న భయంతో సింగపూర్ 1978లో దాన్నీ, అందులోని బెర్బెరిన్ అనే పదార్థాన్నీ నిషేధించింది. 2010ల్లో దశలవారీగా సడలించింది గానీ, కామెర్లున్న పసివాళ్ళకూ జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకూ వద్దన్న హెచ్చరిక అలాగే ఉంది. ఈ బెర్బెరిన్ మన మానుపసుపులోనూ ఉండే పదార్థమే సుమా. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో ఈ పరీక్ష చేస్తారు. బాబు హెల్త్ పుస్తకం తీసి చూడండి, రాసి ఉంటుంది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, మన వాళ్ళలోనూ ఉంది.

ఉందని రాసి ఉంటే, చైనా మందుల కన్నా ముందు మీ అమ్మగారి పెట్టె తెరిచి చూడండి. పాత నేత చీరలు మెత్తగా ఉంటాయని ఉయ్యాలకూ పక్కబట్టలకూ తెచ్చి ఉంటారు. వాటి మడతల్లో కలరా ఉండలు ఉన్నాయేమో వాసన చూడండి. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఈ పిల్లలకు హువాంగ్ లియెన్ కన్నా పెద్ద శత్రువు. లోపం లేకపోయినా ఆ బట్టలు ఉతికి ఎండలో ఆరేయనిదే వాడవద్దు. బాబు నాలుకకు వస అరగదీసి రాయడం, తేనె నాకించడం, ముక్కులో ఆముదం చుక్క, ఇవేవీ వద్దు. పాలు తప్ప ఆరు నెలలు ఇంకేమీ అక్కరలేదు. పొరుగింటి పొట్లాన్ని అనుమానించి మన డబ్బాను నెత్తిన పెట్టుకోవడం న్యాయం కాదు కదా. శొంఠి పొడి నెయ్యన్నంలో కలుపుకుంటే ఇబ్బంది లేదు. వెల్లుల్లి కారం, మిరియాల చారు, నువ్వుల ఉండ, మునగాకు అన్నీ తినండి. పేరూ చిరునామా లేని సీసాలో వచ్చే కాయం, భస్మాలు కలిసిన లేహ్యం వద్దు. వాటిలో సీసం బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇంత తిట్టాను గనుక, మీ ఆంటీ వాళ్ళ ఆచారంలో నేను అసూయపడేది కూడా చెప్పాలి. దాన్ని వాళ్ళు ‘జువో యుయెజి’ అంటారు, నెల కూర్చోవడం అని అర్థం. మనకు నెల తప్పితే కడుపు, వాళ్ళకు నెల కూర్చుంటే బాలింతతనం! ఆ నెల బాలింత వంట చేయదు, గిన్నె కడగదు, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంకొకరు ఉంటారు. సింగపూర్‌లో దీనికి కన్‌ఫైన్‌మెంట్ నానీ అనే ప్రత్యేకమైన ఉద్యోగమే ఉంది. మామూలుగా 28 రోజులకు మాట్లాడుకుంటారు. మలేషియా నుంచి వచ్చి బిడ్డ పుట్టిన 16 వారాల వరకు పని చేసేలా ప్రభుత్వం వాళ్ళకు పర్మిట్ ఇస్తుంది. పనిమనిషిగా కాదు, ఇంటి పెద్దగా వస్తుంది ఆ మనిషి. మూలికల కన్నా ఈ విశ్రాంతే ఆ నెలలోని అసలు మందు అని నా అభిప్రాయం. మీ అమ్మగారు, ఆంటీ కలిసి ఆ మందు మీకు ఉచితంగా ఇస్తున్నారు. మొహమాటపడకుండా పుచ్చుకోండి.

పడుకుని మాత్రం ఉండవద్దు. సిజేరియన్ అయిన మనిషి, ఇంజెక్షన్లు రాయించుకున్న మనిషి నెల రోజులు మంచం మీద ఉండటం మంచిది కాదు. ఇంట్లో రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా తిరగండి. సాయంత్రం కిందికి దిగి బ్లాకు చుట్టూ ఒక చుట్టు, మీ ఆయన చేయి పట్టుకుని. గడప దాటితే దిష్టి తగులుతుందని అమ్మగారంటే గుమ్మంలో దిష్టి తీయించుకుని వెళ్ళండి, దానివల్ల బీపీ పెరగదు.

ఈ కిందివి కనిపిస్తే కషాయమా, మాత్రా అని ఆలోచించకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి. తలనొప్పి తగ్గకుండా ఉండి కళ్ళ ముందు మెరుపులు లేదా మసక. పైకడుపులో నొప్పి. బీపీ 160 దాటడం. కాన్పు తరువాత ఆరు వారాల వరకు ఈ బీపీ జబ్బు తిరగబెట్టవచ్చు. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, కోడిగుడ్డంత గడ్డలు. చలితో జ్వరం, కుట్టు ఎర్రబడి కారడం, మైల దుర్వాసన. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. రెండు వారాలకు మించి ఏడుపు ఆగకపోయినా, బాబును చూస్తే ఏమీ అనిపించకపోయినా మీ డాక్టరుకు చెప్పండి. మీకో బాబుకో ఏదైనా హాని చేయాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే. దానికి పూర్వం మన వాళ్ళు గాలి సోకిందనేవారు, సన్ని అనేవారు. చికిత్స ఉన్న జబ్బు అది.

చివరికి ఆంటీ. పొట్లాలు తిరిగి ఇవ్వవద్దు, అది మర్యాద కాదు. ‘ఆంటీ, నేను పొట్ట మీద ఇంజెక్షన్ వేసుకుంటున్నాను, అందులో దాంగ్ గుయ్ ఉందట, రెండూ కలిస్తే రక్తం ఆగదని డాక్టరు వద్దన్నారు’ అని ఆ మూలిక పేరు పెట్టి చెప్పండి. దాంగ్ గుయ్ రక్తాన్ని కదిలిస్తుందని ఆమెకు మీకన్నా బాగా తెలుసు. అభ్యంతరం ఆమె వైద్యంలోనే ఉన్న కారణంతో వచ్చింది గనుక అది అపనమ్మకంలా వినిపించదు. ఆ వెంటనే ఏదైనా అడగండి, వద్దని ఊరుకోవద్దు. సారా లేని అల్లం కోడి రేపు కూడా పంపమనండి. బాబుకు నెల నిండే రోజు దగ్గర పడుతోంది, వాళ్ళు ఆ రోజున గుడ్లకు ఎర్ర రంగు వేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. మీకూ ఎలా చేయాలో నేర్పమనండి. మీ అమ్మగారు ఉయ్యాల వేడుక కోసం చేసే పప్పుబెల్లాల పక్కన ఆ గుడ్లు కూడా పెట్టి, మొదటి పళ్ళెం ఎదురింటికి పంపండి.